నూటికి ఒకటి ఎక్కువ

ఆ ఉదయం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళం ముగ్గురం: మేస్త్రి భార్య, ఫౌండ్రీలో ఇసుక అచ్చులు చేసే మౌల్డర్ యాదగిరి, నేను. ఉన్న వస్తువులు: టేకు మంచం, దాని మీద నాలుగు వైపులా కాస్త కాస్త తక్కువపడిన పరుపు, రెండు పీటలు, ఉలులున్న గోనెసంచి, గోడకు మేకు మీద ఒక గిటారు, ఆమె చేతిలో పచ్చగుడ్డలో చుట్టిన పొడవాటి వస్తువు. మేస్త్రి లేడు. ఆయన పోయి అప్పటికి పదమూడు రోజులు.

"నీకియ్యుమన్నడు సారూ," అంది ఆమె. "కొలతల సారు వస్తె ఇయ్యి, రాకుంటె పంపకు అన్నడు."

గుడ్డ విప్పకముందే అదేమిటో నాకు తెలుసు. అయినా విప్పాను. అరమీటరుకు పైగా పొడవున్న ఉక్కు స్కేలు. అంచులు అరిగి మెరుస్తున్నాయి. దానికి చుట్టి, మడతలు చిరిగిపోతున్న నీలం డ్రాయింగ్ కాగితం ఒకటి.

"ఇంకో మాట గూడ అన్నడు," అని ఆమె గోడ వైపు చూసింది. "తర్వాత జెప్త. ముందుగాల చాయ్ తాగుండ్రి."

ఆమె లోపలికి వెళ్ళింది. యాదగిరి పీట మీద కూర్చుని బీడీ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను గిటారు వైపు చూస్తూ కూర్చున్నాను. దాన్ని చివరిసారి చూసి తొమ్మిదేళ్ళు.

ఆయన పేరు హాజరుపట్టీలో ఉండేది. నోటితో ఎవరూ అనేవాళ్ళు కాదు. మా కర్మాగారం ప్యాటర్న్ షాపులో మేస్త్రులు నలుగురున్నా, మేస్త్రి అంటే ఆయనే. బొల్లారం పక్క పల్లెవాడు. తాతల నాటి నుంచి వడ్రంగం, అక్కడి మాటలో వడ్లపని; నాగళ్ళు, బండి చక్రాలు చేసిన చేతులు. కర్మాగారం కట్టేటప్పుడు సెంట్రింగు పనికి వచ్చి, పోత మొదలయ్యాక లోపలే ఉండిపోయాడు. సర్టిఫికెట్ లేదు. ఇంగ్లీషు రాదు. డ్రాయింగ్ మాత్రం చదివేవాడు. అంకెలు, గీతలు చాలు ఆయనకు.

మాది కృష్ణా జిల్లా. మా నాన్నకు ఇక్కడ ఉద్యోగం దొరికితే వచ్చిన కుటుంబం. నేను డిప్లమా ముగించి అదే కర్మాగారంలో తనిఖీ విభాగంలో చేరాను. నా పని కొలవడం. అందుకే నేను 'కొలతల సారు'ని. మేస్త్రి నన్ను 'సారూ' అంటూనే 'నువ్వు' అనేవాడు. మొదట్లో ఆ 'నువ్వు' నాకు వింతగా ఉండేది. ఇక్కడివాళ్ళు పెద్ద మేనేజరుతోనూ అలాగే మాట్లాడతారని తెలిశాక మానేశాను, వింతపడటం.

ఎడమ చెవి మీద పెన్సిలు, కుడి చెవి మీద బీడీ. రెండూ ఎప్పుడూ తారుమారు కాలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి పెన్సిలు నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. యాదగిరి ఆ సంగతి రెండేళ్ళు చెప్పుకున్నాడు. చెక్క మందం చూడాలంటే కళ్ళు మూసుకునేవాడు. బొటనవేలు ఒక వైపు, చూపుడువేలు ఒక వైపు పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగేవాడు. కళ్ళు తెరిచి అక్కడ సున్నా చుట్టేవాడు. అన్నం తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఏడాదికి ఒకే సెలవు పెట్టేవాడు, ఏడుపాయల జాతరకు.

ఒక మాట ఉండేది ఆయనకు: "సల్లారినంక ముడుసుకుంటది." మేనేజరు కేకలేసి వెళ్ళినా అదే, యూనియన్ ఎన్నికల్లో ఇరుపక్షాలు గేటు దగ్గర అరుచుకున్నా అదే, కొత్త అల్లుడు అలిగి వెళ్ళిపోయాడని యాదగిరి పరేషాన్ అయినా అదే. ఆ మాట ఆయన పనిలోంచి వచ్చింది. ఆ పనేమిటో చెప్పాలి.

పోతపోసే ప్రతి ఇనుప వస్తువుకూ ముందు అదే ఆకారంలో ఒక చెక్క వస్తువు చేస్తారు. అదే ప్యాటర్న్. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, నూరు మిల్లీమీటర్లకు సుమారు ఒక మిల్లీమీటరు. కనుక చెక్క వస్తువును ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకూ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే పని సాగదు. అందుకని ప్యాటర్న్ షాపుకు వేరే స్కేలు ఉంటుంది. దాని మీద నూరు అని రాసి ఉన్నచోట నిజానికి నూటొకటి ఉంటుంది. డ్రాయింగ్‌లో ఎంత ఉంటే ఆ స్కేలు మీద అంత తీసుకుంటే చాలు. ముడుచుకునే వాటా అందులోనే కలిసిపోతుంది. చూడ్డానికి అది మామూలు స్కేలే. రెండూ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు.

తేడా తెలియదు కాబట్టే మా ప్యాటర్న్ షాపులో ఒక ఆచారం ఉండేది. మామూలు స్కేలు గడప దాటి లోపలికి రాకూడదు. తలుపు పక్కన గోడకు ఒక మేకు. లోపలికి వచ్చేవాడు ఎవడైనా జేబులోని స్కేలు తీసి దానికి తగిలించి రావాలి. మామూలు స్కేలు ఒక్కటి బల్లల మీదికి వచ్చి కలిసిపోతే, రెండు టన్నుల పోత పాడవుతుంది. నేను ఆ మేకుకు నా స్కేలు ఎన్నిసార్లు తగిలించానో లెక్కపెట్టలేదు. రెండేళ్ళలో, వారానికి మూడుసార్లు.

మేస్త్రికి ఇంట్లోనూ అదే స్కేలు. ఇంకోటి కొనలేదు. మంచం, తలుపు, కిటికీ, దేవుడి గూడు అన్నీ దానితోనే కొలిచి చేశాడు. వాటికి వాటికి సరిగ్గానే కుదిరేవి. బజారు నుంచి కొనుక్కొచ్చినవే తక్కువపడేవి: పరుపు, కిటికీ అద్దం, దేవుడి పటం. "ఈయన కొలత మనుషులకు గాదు, పొయ్యిల పోసేటందుకు," అని ఆయన భార్య ఒకసారి నా ముందే అంది. మేస్త్రి పరుపును మధ్యకు సర్దాడు.

ఇక గిటారు. అది మా ఫోర్‌మన్ సాబ్‌ది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్, పొడుగరి, ఎండాకాలం కూడా టై కట్టేవాడు. యుద్ధం రోజుల్లో సికింద్రాబాద్‌లో దిగిన ఒక విదేశీ సిపాయి, తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గిటారును వాళ్ళ నాన్నకు అమ్మాడట. ఒక వానాకాలం తర్వాత పెట్టె తెరిచి చూస్తే పాడైపోయి ఉంది. సికింద్రాబాద్‌లో వాయిద్యాల దుకాణాలు మూడు తిరిగాడు. ముగ్గురూ పారెయ్యమన్నారు. ఒక సోమవారం దాన్ని తెచ్చి మేస్త్రి బల్ల మీద పెట్టాడు.

"ఇస్కు బచాసక్తే క్యా, మేస్త్రి?" దీన్ని బతికించగలవా అని.

మేస్త్రి దాన్ని తిరగేశాడు, ఊపాడు, లోపల ఏదో గలగలలాడింది. "దీని కడుపుల ఏమున్నదో సూడనీ," అన్నాడు.

ఆ గిటారు సినిమా పోస్టర్లలో కనిపించే గిటార్ల వంటిది కాదు. వాటి పైపలక బల్లపరుపుగా ఉంటుంది. దీని పైపలకా వెనకపలకా నడుమ ఉబ్బి, అంచుల దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగి, మళ్ళీ కాస్త లేచి అంచును కలుస్తాయి. వేడిచేసి వంచిన వంపు కాదది. మందపాటి చెక్కను లోపలా బయటా తొలిచి తెచ్చిన వంపు, ఫిడేలుకు చేసినట్టు. నడుమ గుండ్రటి రంధ్రం ఉండదు. రెండు పక్కలా రెండు పొడవాటి వంకర చీలికలు. తీగల కొసలు కింద ఒక ఇత్తడి తోకకు కట్టి ఉంటాయి. తీగలు ఎక్కి వెళ్ళే గుర్రం పలకకు అతికించి ఉండదు. తీగల ఒత్తిడికే నిలబడుతుంది. వేలితో నెడితే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఈ చివరి సంగతి తర్వాత అవసరమవుతుంది.

పైపలక అడుగున నిలువునా అతికించిన రెండు బద్దల్లో ఒకటి ఊడి లోపల పడి ఉంది. ఆసరా పోయి పలక గుర్రం కింద కుంగి నెర్రె విచ్చింది. మెడ మీద వేళ్ళు ఆనించే పలకను చెదలు తిన్నాయి. మెడ, వెనకపలక, చుట్టూ ఉన్న పక్కలు బాగానే ఉన్నాయి. అంటే కొత్తగా చెయ్యాల్సినవి రెండు: తొలిచిన పైపలక, అడ్డంగా లోహపు మెట్లు దిగ్గొట్టిన వేలిపలక.

సరిగ్గా ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. ప్యాటర్న్ షాపులో సర్టిఫికెట్ లేనివాళ్ళు పనితనం పరీక్ష పాసవ్వాలి. తప్పినవాళ్ళను ప్యాకింగ్ యార్డుకు మారుస్తారు. పరీక్ష ఒక్కసారే. సర్టిఫికెట్ లేనివాడు షాపులో ఒక్కడే.

"జీతం గంతే ఉంటదంట గదా," అన్నాడు యాదగిరి ఓదార్పుగా.

"జీతం గంతే," అన్నాడు మేస్త్రి. "డబ్బాలకు మేకులు కొట్టుడు. దినమంత."

ఆయన ఆ రోజు తన మాట అనలేదు. ఉలి నూరుతూనే ఉన్నాడు. నూరిన ఉలినే మళ్ళీ నూరాడు.

ఫోర్‌మన్ సాబ్ పరీక్ష నియమాలున్న కాగితం తెప్పించుకుని చదివాడు. అందులో రెండు పనులున్నాయి. ఒకటి: రెండు వైపులా వంపున్న చెక్క వస్తువు, మందం డ్రాయింగ్ ప్రకారం. రెండు: కొలత ప్రకారం గీతలు విభజించిన చెక్క పట్టీ. అది కర్మాగారానికి పనికొచ్చే వస్తువే కావాలని ఎక్కడా లేదు. సాబ్ వచ్చే మార్చిలో రిటైరై, అన్న దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడు. ఆయన వెళ్ళాక మేస్త్రి తరఫున మాట్లాడేవాడు లేడు. "గిటారే పరీక్ష," అన్నాడు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు నియమాలు రెండుసార్లు చదివి, కాదనడానికి ఏమీ దొరక్క ఒప్పుకున్నాడు. డ్రాయింగ్ గీసేది, తనిఖీ చేసేది నేను.

చెక్క ప్యాకింగ్ యార్డులోనే దొరికింది. విదేశీ యంత్రాలు వచ్చిన పెట్టెల అడుగున దూలాల్లాంటి చెక్కలుండేవి: తెల్లగా, తేలిగ్గా, నిలువు గీతలు దగ్గర దగ్గరగా. యార్డువాళ్ళు వాటిని కోసి క్యాంటీన్ పొయ్యికి పంపేవాళ్ళు. మేస్త్రి ఒక్కో చెక్కను ఒక మూల రెండు వేళ్ళతో వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టేవాడు. యాదగిరి, నేను నిలబడి చూశాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా.

"నలభై కొట్టినవు. ఏమంటున్నయే?" అన్నాడు యాదగిరి.

"నువ్వు జెర నోరు మూస్తె ఇనొస్తది."

నలభై మూడోదాన్ని పక్కన పెట్టాడు. దాన్ని నిలువునా రెండుగా కోసి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెట్టి సరేసుతో అతికించాడు. గీతలు మధ్య నుంచి రెండు వైపులా ఒకేలా విచ్చుకున్నాయి.

తొలచడం ఆరు వారాలు పట్టింది, రోజూ భోజనం విరామంలో మిగిలిన ఇరవై నిమిషాలు, శనివారం మధ్యాహ్నాలు. మొదట గుండ్రటి ఉలి, తర్వాత చిత్రిక పట్టే వేలెడంత రందా, చివరికి విరిగిన రంపం బ్లేడు ముక్కతో గీకడం. నా డ్రాయింగ్‌లో నడుమ మందం ఆరు మిల్లీమీటర్లు, అంచు లోపలి పల్లంలో మూడున్నర, ఇరవై అయిదు చోట్ల కొలత. పలక చివరి రూపానికి వచ్చాక నేను మందం కొలిచే వంకర కాళ్ళ క్యాలిపర్ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన తన వేళ్ళతో సిద్ధంగా ఉండేవాడు.

"ఈడ లావున్నది," అనేవాడు కళ్ళు మూసుకుని.

"ఎంత?"

"పల్చటి కాయితమంత."

క్యాలిపర్ పెడితే పదో వంతు మిల్లీమీటరు ఎక్కువ ఉండేది. అలా పదకొండుసార్లు పరీక్షించాను. పదకొండుసార్లూ ఆయన చెప్పిన చోటే. పలక పూర్తయ్యాక పాత పక్కల మీద పెట్టి, వాటి చుట్టూతానే గీత గీసుకుని అంచు కోశాడు. అందులో స్కేలు పనే లేదు.

వేలిపలక వేరు. అది పూర్తిగా స్కేలు పని. తీగ పొడవు, పాత గిటారు మీద కొలిస్తే, 635 మిల్లీమీటర్లు వచ్చింది. పన్నెండో మెట్టు దగ్గరికి సరిగ్గా సగం కావాలి, అప్పుడే అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. మిగతా మెట్లన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతూ రావాలి. లాగరిథం పట్టికలు పెట్టుకుని ఒక ఆదివారమంతా లెక్కకట్టాను. ఇరవై మెట్లు, దశాంశం తర్వాత రెండు స్థానాలు. డ్రాయింగ్ నల్ల సిరాతో గీశాను. అంతకంటే శుభ్రమైన డ్రాయింగ్ నేను అప్పటికి గీయలేదు.

సోమవారం దాని నీలం నకలు తీసుకుని వెళ్ళి, నా స్కేలు మేకుకు తగిలించి, లోపలికి నడిచి ఆయన చేతికిచ్చాను.

"గిన్ని చుక్కల అంకెలేంది సారూ?"

"వీలైనంత దగ్గరికి తీసుకోండి మేస్త్రి గారూ. అర మిల్లీమీటరు దాకా తేడా ఒప్పుకుంటారు."

"అరనా," అన్నాడు. కొంచెం అవమానం జరిగినట్టు చూశాడు.

పరీక్ష మా తనిఖీ గదిలో జరిగింది. అక్కడ ఉన్నవాళ్ళు: పర్సనల్ ఆఫీసరు, ఫోర్‌మన్ సాబ్, మేస్త్రి, నేను. యాదగిరి ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చి వెళ్ళకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. గిటారు బల్ల మీద ఉంది, తీగలు ఇంకా కట్టలేదు.

పైపలక: ఇరవై అయిదు చోట్లలో ఇరవై అయిదూ సరి.

వేలిపలక: మొదటి మెట్టు సరి. రెండోది ముప్పావు మిల్లీమీటరు దాకా ఎక్కువ. అయిదోది ఒకటిన్నర పైన. నేను మళ్ళీ మొదటి నుంచి కొలిచాను. పన్నెండోది 317.5 ఉండాలి, 320.7 ఉంది. ఇరవయ్యోది నాలుగు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ. తప్పినవి పంతొమ్మిది అని రాశాను.

మేస్త్రి నా చేతిలోని స్కేలును చూశాడు. తర్వాత తలుపును చూశాడు. మా గది తలుపు పక్కన మేకు లేదు. అప్పుడు ఆయనకు అర్థమైంది; ఆయనకు అర్థమైనట్టు నాకూ అర్థమైంది. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఏ డ్రాయింగ్ చేతికొచ్చినా ఏ స్కేలుతో కొలిచాడో, దానితోనే కొలిచాడు. గిటారు మెట్లు చల్లారి ముడుచుకోవు.

భుజానికున్న సంచిలోంచి తన స్కేలు తీశాడు. "సారూ, నా స్కేలు పెట్టి సూడు. ఒక్కపారి."

"పరీక్ష ఈ స్కేలుతో, మేస్త్రి గారూ."

"తెల్సు. ఊకెనే పెట్టి సూడు."

"అది లెక్కలోకి రాదు."

చాచిన చేయి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత స్కేలును సంచిలో పెట్టుకున్నాడు.

ఫోర్‌మన్ సాబ్ తీగలు కట్టడం మొదలుపెట్టాడు. ఆరు తీగలు బిగించి, గుర్రాన్ని పాత గుర్తు మీద నిలబెట్టి మీటాడు. పన్నెండో మెట్టు నొక్కి మీటాడు. రెండు స్వరాలూ కలవలేదు. ముఖం చిట్లించాడు.

"గుర్రం ఎనుకకు జరుపు సాబ్," అన్నాడు మేస్త్రి బల్ల అవతల నుంచి. "ఆరు. ఆరు మీద జెర."

సాబ్ జరిపాడు. మళ్ళీ మీటాడు. కలిశాయి. అయిదో మెట్టు, ఏడో మెట్టు, అన్నీ కలిశాయి. మెట్లన్నీ ఒకే నిష్పత్తిలో పొడుగైతే తీగ కూడా ఆ మేరకు పొడుగైతే చాలు. ఎక్కడా అపస్వరం రాదు. ఆ లెక్క నాకు వచ్చు. ఆయన నాకంటే ముందు చేశాడు, కాగితం లేకుండా.

సాబ్ అయిదు నిమిషాలు వాయించాడు. ఏదో పాత నాట్యం పాట. గొంతు తగ్గించి మాట్లాడే మనిషిలా ఉంది ఆ గిటారు ధ్వని, ప్రతి స్వరం విడివిడిగా. యాదగిరి తలుపు దగ్గర కాలు కదిపాడు. పర్సనల్ ఆఫీసరు గడియారం చూసుకుని నన్ను అడిగాడు:

"మీ కాగితంలో ఏముంది?"

"ఇరవైలో పంతొమ్మిది తప్పు సార్."

"వినడానికి బాగానే ఉందే."

"ఫారంలో వినడానికి గడి లేదు సార్."

ఆ సాయంత్రం ఫారంతో పాటు డ్రాయింగ్‌ను జతచెయ్యబోతూ చూశాను. ప్యాటర్న్ షాపుకు వెళ్ళే డ్రాయింగ్ పోతకు కాక చెక్కగానే మిగిలే వస్తువుదైతే, అడుగున "సాదా స్కేలు" అని రాయాలి. ఆ రెండు మాటలుంటే తలుపు దగ్గరి మేకు మీద నుంచి మామూలు స్కేలు తీసి ఆ ఒక్క పనికి వాడతారు. అది గీసినవాడి బాధ్యత. నా డ్రాయింగ్ అడుగున ఆ చోటు ఖాళీగా ఉంది. కుడి మూల "గీసినవారు", "సరిచూసినవారు" అనే రెండు గడుల్లోనూ నా సంతకమే.

ఫారం మూడు రోజులు నా బల్ల మీద ఉంది. ఈ సంగతి అందులో రాయవచ్చు. రాస్తే పరీక్ష మళ్ళీ పెట్టేవాళ్ళని ఇప్పటికీ అనుకుంటాను. ఉద్యోగంలో నన్ను ఖాయం చెయ్యడానికి అప్పటికి నాలుగు నెలలుంది. డ్రాయింగ్ జతచెయ్యకుండా, అంకెలు మాత్రం పంపాను. అంకెలన్నీ నిజమైనవే.

మార్చిలో ఫోర్‌మన్ సాబ్ వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు గిటారును మేస్త్రికే ఇచ్చాడు. "మా నాన్నది సగమే మిగిలింది. మిగతా సగం నీది," అన్నాడట, హిందీలో. ఏప్రిల్ మొదటి తేదీన మేస్త్రిని ప్యాకింగ్ యార్డుకు మార్చారు.

ఏడాది తర్వాత ఒక పెట్టె కొలతలు చూడటానికి యార్డుకు వెళ్ళాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు. ఎడమ చెవి మీద పెన్సిలు, కుడి చెవి మీద బీడీ, పక్కన అదే స్కేలు. యార్డులో మామూలు స్కేలు వాడాలి. పెట్టె కొలిచాను. అన్ని వైపులా నూటికి ఒకటి ఎక్కువ ఉంది.

"గడ్డి ఎక్కువ పడ్తది, మిషన్ ఖుషీగ ఉంటది," అన్నాడు తలెత్తకుండా. "దీన్ని గూడ తప్పు రాస్తవా?"

"పెట్టెలకు ఫారం లేదు," అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు అది చాలదనిపించింది. డ్రాయింగ్ సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆయన నన్ను చెప్పనివ్వలేదు; లేదా ఆయన అడ్డుపడే చోటు చూసుకుని నేనే ఆగానో.

"నువ్వు కొలిసింది సరే సారూ. నేను సేసింది సరే. నడుమ దర్వాజ ఉన్నది, గంతే."

సుత్తి మళ్ళీ తీసుకున్నాడు. ఆ తర్వాత గేటు దగ్గర, బస్సు దగ్గర చాలాసార్లు కనిపించాడు. నమస్కారాలు, యోగక్షేమాలు. ఆ విషయం మళ్ళీ రాలేదు.

ఆయన భార్య చాయ్ తెచ్చింది. యాదగిరి సాసరులో పోసుకుని తాగాడు.

"ఆయన వాయించేవాడా?" అని అడిగాను గిటారు చూపించి.

"ఏడ? ఒక్కనాడు వాయించలే. ఐతారం ఐతారం దించి, నూనె గుడ్డతోటి తుడిసి, ఏలితోటి కొట్టి, సెవ్వు పెట్టి, మళ్ల గోడకేస్తుండె. ఏమంటదయ్యా అంటె, మంచిగున్నదట అంటుండె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత చెప్పాల్సిన మాట చెప్పింది. "కొలతల సారు వస్తె, ఒక్కపారి పెట్టి సూడుమను అన్నడు. గదొక్కటే."

యాదగిరి లేచి గిటారు దించి మంచం మీద పెట్టాడు. తీగలు రెండు తెగిపోయి ఉన్నాయి. గుర్రం పడిపోకుండా దారంతో కట్టి ఉంది. నేను నీలం కాగితం మడతలు విప్పి పరిచాను. అంకెలు చదవడానికి వీలుగా ఉన్నాయి. అడుగున ఆ చోటు ఖాళీగానే ఉంది. ఆయన దాన్ని ఎన్నిసార్లు విప్పి చూశాడో మడతలను బట్టి తెలుస్తోంది.

స్కేలును వేలిపలక అంచున, తీగల పక్కన ఆనించి, సున్నా గీతను మెడ పైకొన దగ్గర పెట్టాను. నేను కాగితం చదువుతానని, గుర్తు చూడమని యాదగిరికి చెప్పాను.

"మొదటిది. ముప్పై అయిదు, ఆరు పాళ్ళు."

యాదగిరి వంగి చూశాడు. "సరే."

"రెండోది. అరవై తొమ్మిది, మూడు పాళ్ళు."

"సరే."

ఆమె గడప మీద కూర్చుని వింటోంది. ఒక్కో 'సరే'కు వేలు ముడుస్తోంది. అయిదు. ఏడు. పది.

"పన్నెండోది. మూడువందల పదిహేడున్నర."

యాదగిరి చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు.

"గప్పుడు గిదే సూడుమన్నడు గద నిన్ను?"

"ఇదే."

"సరే," అన్నాడు. అది పన్నెండో మెట్టుకో, నాకో తెలియలేదు. "సెప్పు. పదమూడు."

ఇరవయ్యోది అయ్యాక స్కేలు తీసి పచ్చగుడ్డలో చుట్టాను. ఆమె ముడిచిన వేళ్ళు విప్పి చూసుకుంది. నేను కలం తీసి డ్రాయింగ్ వెనక రాసి, కింద సంతకం చేసి, తేదీ వేసి ఆమెకిచ్చాను. ఆమెకు చదువు రాదు కనుక పైకి చదివి వినిపించాను.

కొలిచిన స్కేలు: మేస్త్రిది. చూసిన మెట్లు: ఇరవై. తప్పినవి: సున్నా.